కొండ శిఖరాలే దీవులుగా బతికే చిన్న గిలకపాము: అరిజోనా రాష్ట్ర సరీసృపం సహజ చరిత్ర

అమెరికా సంయుక్త రాష్ట్రాల నైరుతి మూలన, మెక్సికో సరిహద్దు పొడవునా, ఎడారి మైదానాల నడుమ విడివిడిగా లేచిన పర్వతాలు ఉన్నాయి. వాటి పైభాగాన పైన్, ఓక్ వృక్షాల నీడలో, రాలుటాకుల రంగులో కలిసిపోయి జీవించే ఒక చిన్న గిలకపాము ఉంది. దాని శాస్త్రీయ నామం క్రోటాలస్ విల్లార్డై. మూతి అంచున గట్టులా పైకి లేచిన పొలుసుల వల్ల ఇంగ్లీషులో దీనిని రిడ్జ్‌నోజ్డ్ రాటిల్‌స్నేక్ అంటారు. తెలుగులో గట్టుమూతి గిలకపాము అని చెప్పుకోవచ్చు.

గిలకపాము అనగానే ఎడారి ఇసుకలో చుట్ట చుట్టుకుని, తోక ఆడిస్తూ పడగెత్తినట్టు నిలిచే భారీ సర్పం చాలామందికి గుర్తుకు వస్తుంది. ఆగ్నేయ అమెరికాలోని తూర్పు డైమండ్‌బ్యాక్ వంటి జాతులు రెండు మీటర్లు దాటి పెరుగుతాయి కూడా. గట్టుమూతి పాము అందుకు భిన్నమైనది. పూర్తిగా ఎదిగినా రెండు అడుగులు దాటడం అరుదు. ఎడారిలోకి అది దిగదు. దాని రూపం, ఆహారం, సంతానం, దానికి లభించిన చట్టరక్షణ, దాని భవిష్యత్తు అన్నీ ఒకే అంశంతో ముడిపడి ఉన్నాయి. ఆ అంశం ఎత్తు. కిందికి దిగితే ఎండ కాచే మైదానం, పైకి వెళితే శిఖరం. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నని చల్లని పట్టీయే దాని లోకం.

సంక్షిప్త పరిచయం

శాస్త్రీయ నామం: క్రోటాలస్ విల్లార్డై
కుటుంబం: వైపరిడే, పిట్‌వైపర్ల ఉపకుటుంబం
తొలి శాస్త్రీయ వర్ణన: 1905, సెత్ యూజీన్ మీక్
సాధారణ పొడవు: 30 నుంచి 60 సెంటీమీటర్లు
ఆవాసం: సుమారు 1,500 నుంచి 2,750 మీటర్ల ఎత్తులోని పైన్–ఓక్ అడవులు, లోయలు
విస్తరణ: అరిజోనా, న్యూ మెక్సికో (అమెరికా), సొనోరా, చివావా, దురాంగో, జకాటెకాస్ (మెక్సికో)

పేరు వెనుక కథ

గిలకపాములు అమెరికా ఖండాలకే పరిమితమైన జీవులు. కెనడా దక్షిణ భాగం నుంచి అర్జెంటీనా వరకు వివిధ జాతులు విస్తరించి ఉన్నాయి. ఆసియాలో గానీ ఆఫ్రికాలో గానీ సహజంగా ఒక్కటీ లేదు. వీటిలో అత్యధిక జాతులు క్రోటాలస్ ప్రజాతికి చెందుతాయి. ఈ మాటకు మూలం గ్రీకు భాషలో చిడతల వంటి వాయిద్యాన్ని సూచించే పదం. తోక చివరి చప్పుడే ఈ పాములకు పేరు తెచ్చింది.

విల్లార్డై అన్న రెండో పదం ఒక వ్యక్తి పేరు. అరిజోనాలోని టూంబ్‌స్టోన్ పట్టణవాసి ఫ్రాంక్ కాటిల్ విల్లార్డ్ పక్షుల పట్ల, వాటి గుడ్ల సేకరణ పట్ల ఆసక్తి గలవాడు. ఆయన సేకరించిన పామును షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో పనిచేసిన సెత్ యూజీన్ మీక్ 1905లో కొత్త జాతిగా వర్ణించి, సేకరించిన వ్యక్తి పేరే పెట్టాడు. మీక్ ప్రధానంగా చేపల శాస్త్రవేత్త కావడం విశేషం. తొలి వర్ణనలో పాము దొరికిన చోటు టూంబ్‌స్టోన్ అని నమోదైంది. టూంబ్‌స్టోన్ వెండి గనుల చుట్టూ వెలసిన మెరక ఎడారి పట్టణం. ఈ పాము ఆవాసానికి అది తగిన చోటు కాదు. ఆ తర్వాత ఆ స్థలాన్ని సమీపంలోని హువాచూకా పర్వతాలకు సవరించారు.

1986లో అరిజోనా ప్రభుత్వం ఈ పామును రాష్ట్ర అధికారిక సరీసృపంగా ప్రకటించింది. రాష్ట్ర వన్యప్రాణి చిహ్నాల ఎంపికలో పాఠశాల విద్యార్థుల ఓట్లకు చోటు కల్పించారు. విషసర్పాన్ని గౌరవ చిహ్నంగా స్వీకరించడం అరుదైన విషయమే.

రూపం, రంగు

గట్టుమూతి పామును ఇతర గిలకపాముల నుంచి వేరుచేసే ప్రధాన లక్షణం మూతి నిర్మాణం. ముక్కురంధ్రాల పైన, మూతి అంచు వెంబడి ఉన్న పొలుసులు పైకి తిరిగి సన్నని గట్టులా కనిపిస్తాయి. ఇలాంటి ఏర్పాటు భారత ఉపఖండంలోనూ ఉంది. పశ్చిమ కనుమల్లో, శ్రీలంకలో కనిపించే హంప్‌నోజ్డ్ పిట్‌వైపర్ మూతి కూడా పైకి తిరిగి ఉంటుంది. ఆ రెండూ వేర్వేరు ఖండాల్లో వేర్వేరుగా పరిణమించాయి. రెండూ ఆకుల పరుపుపై జీవించే చిన్న పాములే.

అరిజోనాలోని పాముల ఒంటిరంగు ఎరుపు కలిసిన గోధుమ రంగు. వీపుపై అడ్డంగా సన్నని లేత చారలు, వాటికి ముదురు అంచులు ఉంటాయి. ఓక్ ఆకులు ఎండి రాలిన నేలపై ఈ చారలు ఆకుల అంచులనూ, వాటి నీడలనూ పోలి ఉంటాయి. కదలకుండా పడుకున్న పామును రెండు అడుగుల దూరం నుంచి కూడా గుర్తించడం కష్టం. తలపై, దవడల వెంబడి స్పష్టమైన తెల్లని గీతలు ఉంటాయి. ఆ గీతలు కంటి రేఖను, నోటి రేఖను విడదీసి తల ఆకారాన్ని మరుగుపరుస్తాయి.

కంటికీ ముక్కురంధ్రానికీ మధ్య ఇరువైపులా ఒక్కో చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటలోని పలుచని పొర పరారుణ కిరణాలను, అంటే వేడిని గ్రహిస్తుంది. చీకటిలో కూడా ఎలుక వంటి వెచ్చని రక్తపు జీవి ఎక్కడుందో పాముకు తెలుస్తుంది. పిట్‌వైపర్ అనే పేరుకు ఆ గుంటే కారణం. మన రక్తపింజర ఇదే కుటుంబానికి చెందినా దానికి ఈ గుంటలు లేవు.

గిలక ఎలా మోగుతుంది

గిలక ఎముకతో చేసినది కాదు. మన గోళ్లలో, జుట్టులో ఉండే కెరటిన్ అనే పదార్థంతోనే తయారవుతుంది. ఒకదానిలో ఒకటి వదులుగా ఇమిడిన బోలు గూళ్ల వరుస అది. పుట్టిన పిల్లకు తోక చివర ఒక చిన్న బొడిపె మాత్రమే ఉంటుంది. దానితో చప్పుడు రాదు. కుబుసం విడిచిన ప్రతిసారీ ఒక కొత్త గూడు చేరుతుంది. రెండో గూడు చేరాక అవి ఒకదానికొకటి తగిలి శబ్దం పుడుతుంది.

గిలకలోని గూళ్లను లెక్కించి పాము వయస్సు చెప్పవచ్చనే నమ్మకం అమెరికాలో చాలాకాలంగా ఉంది. అది సరికాదు. పాము ఏడాదికి ఒకటి కంటే ఎక్కువసార్లు కుబుసం విడవవచ్చు. రాళ్ల మధ్య తిరుగుతున్నప్పుడు చివరి గూళ్లు విరిగిపోవచ్చు కూడా. తోకను కదిలించే కండరాలు వెన్నెముక గల జీవుల్లో అత్యంత వేగంగా పనిచేసే కండరాల్లో ఒకటిగా పేరుపొందాయి. వెచ్చని వేళల్లో పెద్ద గిలకపాములు సెకనుకు 90 సార్ల వరకు తోకను కంపింపజేయగలవు.

గట్టుమూతి పాము గిలక చాలా చిన్నది. దాని చప్పుడు కీచురాయి రొదలా ఉంటుంది. కొన్ని అడుగుల దూరం దాటితే అడవి సవ్వడిలో కలిసిపోతుంది. పైగా ఈ పాము తొందరగా గిలక మోగించదు. ముందు కదలకుండా ఉండిపోవడమే దాని ఆత్మరక్షణ. పెద్ద గిలకపాముకు హెచ్చరిక ఎంత ముఖ్యమో దీనికి మరుగు అంత ముఖ్యం.

సముద్రం లేని దీవులు

అరిజోనా, న్యూ మెక్సికోల దక్షిణాన, సరిహద్దుకు ఆవల మెక్సికో ఉత్తర భాగాన సుమారు 50 పర్వతశ్రేణులు మైదానం నుంచి వేటికవే లేచి కనిపిస్తాయి. వీటికి ఉత్తరాన కొలరాడో పీఠభూమి, రాకీ పర్వతాలు. దక్షిణాన మెక్సికోలోని సియెర్రా మాద్రె పశ్చిమ మహాశ్రేణి ఉన్నాయి. ఈ రెండు ఉన్నత ప్రాంతాల మధ్య వాగు దాటేందుకు వేసిన రాళ్లలా ఈ పర్వతాలు నిలిచాయి. వీటిని ఆకాశ దీవులు అంటారు. వెల్డన్ హీల్డ్ 1967లో చిరికాహువా పర్వతాలపై రాసిన పుస్తకంతో ఈ మాట ప్రాచుర్యం పొందింది.

దీవి అన్న మాట ఇక్కడ అలంకారం మాత్రమే కాదు. అడుగున కాక్టస్, ముళ్లపొదలు, గడ్డిభూములు ఉంటాయి. ఎక్కుతున్నకొద్దీ ఓక్ చెట్లు, తరువాత పైన్ చెట్లు, కొన్నిచోట్ల శిఖరం దగ్గర ఫర్ చెట్లు వస్తాయి. కొన్ని గంటల నడకలో ఎడారి నుంచి చల్లని అడవికి చేరుకోవచ్చు. పైఅడవిలో జీవించే చిన్న పాముకు కింది మైదానం సముద్రంతో సమానం. దాటి అవతలి కొండకు వెళ్లడం దాని వల్ల కాదు.

మరి ఈ పాము ఇన్ని కొండలపైకి ఎలా చేరింది? సమాధానం మంచుయుగంలో ఉంది. సుమారు 11,000 ఏళ్ల కిందటి వరకు ఈ ప్రాంతం నేటికంటే చల్లగా, తేమగా ఉండేది. నేడు ఎత్తులకే పరిమితమైన ఓక్, జూనిపర్, పైన్ జాతుల చెట్లు అప్పుడు కింది మైదానాల దాకా విస్తరించాయి. దీనికి సాక్ష్యాన్ని భద్రపరిచినవి ప్యాక్‌ర్యాట్ అనే ఎలుకలు. అవి గుహల్లోని గూళ్లలో కొమ్మలు, ఆకులు, గింజలు పోగుచేస్తాయి. వాటి మూత్రం ఎండి గట్టిపడి ఆ పోగును వేల ఏళ్లు చెడిపోకుండా కాపాడుతుంది. నేటి ఎడారి గుహల్లో దొరికిన ఆనాటి ఆకులు అడవి ఎక్కడి దాకా దిగిందో చెబుతున్నాయి. వాతావరణం వేడెక్కగా అడవి కొండల పైకి జరిగింది. అడవితోపాటు పాము కూడా పైకి చేరి, ఒక్కో కొండపై విడిగా మిగిలిపోయింది.

ఈ క్రమంలో ప్రతి కొండకూ ఒకే ఫలితం రాలేదు. అరిజోనాలో హువాచూకా, శాంటా రీటా, వెట్‌స్టోన్, పటగోనియా పర్వతాల్లో గట్టుమూతి పాము ఉంది. వీటి కంటే విశాలమైన, దట్టమైన అడవులు గల చిరికాహువా పర్వతాల్లో లేదు. అక్కడ రాక్ రాటిల్‌స్నేక్, ట్విన్‌స్పాటెడ్ రాటిల్‌స్నేక్ అనే మరో రెండు చిన్న కొండజాతులు మాత్రం ఉన్నాయి. అనువైన అడవి ఉన్నంత మాత్రాన జీవి అక్కడ ఉంటుందని అనుకోలేము. ఒకసారి ఒక దీవిలో అంతరిస్తే మళ్లీ వచ్చి చేరే దారి ఉండదు.

అయిదు ఉపజాతులు

వేల ఏళ్ల ఏకాంతం ఈ పాముల రూపంపై ముద్ర వేసింది. సంప్రదాయంగా అయిదు ఉపజాతులను గుర్తిస్తున్నారు. అరిజోనా, దాన్ని ఆనుకున్న సొనోరా భాగంలోనిది మొదట వర్ణించిన విల్లార్డై ఉపజాతి. సియెర్రా మాద్రె ఉత్తర భాగంలోని సైలస్, దక్షిణాన దురాంగో, జకాటెకాస్‌లలోని మెరిడియొనాలిస్ ఉపజాతులను లారెన్స్ క్లాబర్ 1949లో వర్ణించాడు. వృత్తిరీత్యా విద్యుత్ సంస్థ ఇంజినీరు, ఆపై దాని అధిపతి అయిన క్లాబర్ ప్రపంచంలోనే గిలకపాములపై అగ్రగణ్య నిపుణుడిగా నిలిచాడు. 1956లో రెండు సంపుటాలుగా వెలువడిన ఆయన గ్రంథం నేటికీ ప్రామాణికం. చివావా రాష్ట్రంలో ఒంటరిగా ఉన్న సియెర్రా దెల్ నీదో కొండల్లోని అమాబిలిస్ ఉపజాతిని 1962లో వర్ణించారు.

అయిదోది ఆబ్‌స్క్యూరస్. మిగిలిన వాటికి, ముఖ్యంగా అరిజోనా పాముకు ఉన్న తెల్లని ముఖరేఖలు దీనికి కనిపించవు. ఒంటి రంగు బూడిద కలిసిన గోధుమ. న్యూ మెక్సికోలోని యానిమాస్ పర్వతాలు, న్యూ మెక్సికో–అరిజోనా సరిహద్దులోని పెలొన్సియో పర్వతాలు, మెక్సికోలోని సియెర్రా శాన్ లూయిస్; ఈ మూడు శ్రేణులే దాని మొత్తం లోకం. ఈ జాతి పరిరక్షణ చర్చ ఎక్కువగా ఈ ఉపజాతి చుట్టూనే సాగుతోంది.

రుతుపవనాలతో సాగే జీవితం

అరిజోనాలో కూడా రుతుపవనాలు ఉన్నాయన్న సంగతి భారతీయ పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చు. మే, జూన్ నెలల్లో నేల ఎండి, వేడి పెరుగుతుంది. జులై మొదట్లో గాలి దిశ మారి, కాలిఫోర్నియా, మెక్సికో సింధుశాఖల వైపు నుంచి తేమ వస్తుంది. సెప్టెంబరు దాకా మధ్యాహ్నాల్లో ఉరుములతో కూడిన వానలు కురుస్తాయి. ఏడాది వర్షపాతంలో దాదాపు సగం ఈ మూడు నెలల్లోనే పడుతుంది.

గట్టుమూతి పాము చురుకుగా కనిపించేది ఈ కాలంలోనే. వానలకు ఆకుల పరుపు తడుస్తుంది. జెర్రులు, బల్లులు, ఎలుకలు బయట తిరుగుతాయి. పాము ఉదయం వేళ చెట్ల కొమ్మల మధ్య నుంచి పడే ఎండలో కాచుకుంటుంది. ఎండ ముదిరాక రాళ్ల కిందికో, దుంగల నీడకో చేరుతుంది. శీతాకాలంలో కొండలపై మంచు కురుస్తుంది. అప్పుడు అది రాతి పగుళ్లలో లోతుగా దాగి సుప్తావస్థలో గడుపుతుంది.

ఆహారం, వేట

ఈ పాము మాటువేసి వేటాడుతుంది. ఆకుల మధ్య కదలకుండా పడుకుని, దగ్గరకు వచ్చిన జీవిని కాటువేస్తుంది. చిన్న పాములకు బల్లులు, జెర్రులు ప్రధానాహారం. ఎదిగిన పాములు వాటితోపాటు ఎలుకలను, అప్పుడప్పుడు చిన్న పక్షులను తింటాయి. బల్లుల్లో యారోస్ స్పైనీ లిజర్డ్ అనే కొండబల్లి ముఖ్యమైనది. అదీ ఈ పర్వతాల రాళ్లపైనే జీవించే జాతి.

జెర్రులను తినడం గిలకపాముల్లో చిన్న కొండజాతులకు ఉన్న ప్రత్యేకత. స్కోలోపెండ్రా ప్రజాతికి చెందిన ఈ జెర్రులు పెద్దవి, విషం గలవి, లొంగదీసుకోవడం తేలిక కానివి. అయినా ఆకుల కింద అవి పుష్కలంగా దొరుకుతాయి. ఎలుకను మింగలేనంత చిన్న నోరు గల పిల్లపాముకు సన్నగా, పొడుగ్గా ఉండే జెర్రి అనువైన ఆహారం.

గిలకపాములు ఎలుక వంటి వెచ్చని రక్తపు జీవిని కాటువేసి వెంటనే వదిలేస్తాయి. అది తిరిగి కరిచే ప్రమాదం ఉన్నందువల్ల, అది చనిపోయేదాకా ఆగి, నాలుకతో వాసన పసిగడుతూ వెళ్లి మింగుతాయి. బల్లి లేదా పక్షి దొరికితే తరచూ నోట కరిచి పట్టుకునే ఉంటాయి. వదిలితే అవి రాతి పగుళ్లలోకి పోయి దొరకకపోవచ్చు.

నిదానంగా సాగే సంతానం

గిలకపాములు గుడ్లు పెట్టవు, పిల్లలను కంటాయి. చల్లని కొండలపై ఈ పద్ధతికి స్పష్టమైన ప్రయోజనం ఉంది. గుడ్లు నేలలో ఉంటే రాత్రి చలికి పెరుగుదల ఆగిపోవచ్చు. తల్లి కడుపులో ఉంటే తల్లి ఎండ ఉన్న చోటికి కదిలి పిండాలకు వేడి అందించగలదు.

ఈ ప్రక్రియ చాలా నిదానంగా జరుగుతుంది. జతకట్టడం వానాకాలంలో, శరదృతువు మొదట్లో జరుగుతుంది. ఆడపాము వీర్యాన్ని శీతాకాలమంతా శరీరంలోనే నిల్వ ఉంచుకుంటుంది. మరుసటి వసంతం చివర అండాలు ఫలదీకరణ చెందుతాయి. పిల్లలు జులై చివర నుంచి ఆగస్టు దాకా, తిరిగి వానలు కురిసే వేళకు పుడతాయి. జతకట్టిననాటి నుంచి పిల్లలు పుట్టేదాకా దాదాపు ఏడాది గడుస్తుంది. ఒక ఈతలో సాధారణంగా రెండు నుంచి తొమ్మిది పిల్లలు ఉంటాయి. అంత శ్రమకు కావలసిన కొవ్వును మళ్లీ కూడగట్టుకోవడానికి సమయం పడుతుంది కాబట్టి ఆడపాము ప్రతి ఏటా పిల్లలను కనలేదు. రెండేళ్లకు ఒకసారి, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ విరామంతో కంటుంది.

ఈ లెక్క పరిరక్షణ దృష్ట్యా కీలకం. ఒకే ఈతలో పదుల పిల్లలను కనే మన రక్తపింజరతో పోలిస్తే ఈ జాతి పునరుత్పత్తి ఎంతో మందకొడి. పెద్ద పాములు ఎక్కువ కాలం బతికితేనే సంతతి నిలుస్తుంది. ఒక లోయ నుంచి కొన్ని ఆడపాములను తొలగించినా ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది.

విషం, మనుషులు

చిన్నది కనుక దీని కోరలూ చిన్నవే, విషపు పరిమాణమూ తక్కువే. అంతమాత్రాన ప్రమాదరహితం అనుకోరాదు. ఏ గిలకపాము కాటైనా తక్షణ వైద్య చికిత్స అవసరమైన అత్యవసర పరిస్థితే. అయితే ఈ పాము జనావాసాలకు దూరంగా కొండలపై ఉంటుంది. తనంత తాను మనిషి జోలికి రాదు. ఇంతవరకు ఈ సంబంధంలో నష్టపోయిన పక్షం ఎక్కువగా పామే.

సేకరణదారుల వల్ల ముప్పు

యానిమాస్ పర్వతాల్లో ఈ పాము ఉన్న సంగతి 20వ శతాబ్దం రెండో సగంలో వెల్లడి కాగానే అరుదైన పాములను పెంచేవారి, అమ్మేవారి దృష్టి అక్కడ పడింది. పాముల కోసం బండరాళ్లు తిరగేశారు, కుళ్లిన దుంగలు చీల్చారు. పామును తీసుకుపోవడం ఒక నష్టమైతే, అది దాగే చోటును పాడుచేయడం మరో నష్టం. దశాబ్దాలుగా స్థిరపడిన రాళ్ల కింద ఉండే తేమ, చల్లదనం ఒకసారి రాయి కదిలితే తిరిగి ఏర్పడటం కష్టం.

ఈ పరిస్థితుల్లో 1978లో ఆబ్‌స్క్యూరస్ ఉపజాతిని అమెరికా సమాఖ్య ప్రభుత్వం అంతరించే ముప్పు గల జీవుల చట్టం కింద ‘ముప్పున్న’ జీవిగా చేర్చింది. యానిమాస్ పర్వతాల్లోని ఎత్తైన లోయలను కీలక ఆవాసంగా ప్రకటించింది. అరిజోనాలో గట్టుమూతి పామునూ, దాని పొరుగు జాతులైన రాక్, ట్విన్‌స్పాటెడ్ గిలకపాములనూ పట్టడం నిషిద్ధం. మెక్సికోలో కూడా జాతీయ జాబితా కింద ప్రత్యేక రక్షణ ఉంది. యానిమాస్ పర్వతాలు ఉన్న గ్రే రాంచ్ అనే విశాలమైన పశుక్షేత్రాన్ని నేచర్ కన్సర్వెన్సీ సంస్థ 1990లో కొనుగోలు చేసింది. తరువాత అది పరిరక్షణ షరతులతో యానిమాస్ ఫౌండేషన్ చేతికి వెళ్లింది.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య మాత్రం ఈ జాతిని మొత్తంగా ‘తక్కువ ఆందోళన’ వర్గంలో ఉంచింది. సియెర్రా మాద్రె మహాశ్రేణిలో విస్తృతమైన ఆవాసం ఉండటం అందుకు కారణం. ఇందులో వైరుధ్యం లేదు, కొలమానం వేరు. జాతి మొత్తానికి వెంటనే ముప్పు లేకపోవచ్చు. కానీ ఒక కొండపై సంతతి నశిస్తే ఆ కొండకు మాత్రం అది శాశ్వత నష్టం. 2007లో ప్రచురితమైన జన్యు పరిశోధన మూడు శ్రేణుల ఆబ్‌స్క్యూరస్ పాములు పరస్పరం వేరుపడి ఉన్నాయని, వాటిని వేర్వేరు పరిరక్షణ సమూహాలుగా చూడాలని తేల్చింది. ఒక కొండ పాములతో మరో కొండ లోటును పూడ్చడం సరికాదని దాని సారాంశం.

నిప్పు: శత్రువూ, మిత్రుడూ

ఈ పర్వతాల్లో అడవి మంటలు కొత్తవి కావు. వయసుమళ్లిన పైన్ చెట్ల వార్షిక వలయాల్లో మిగిలిన కాలిన మచ్చలు గతంలో కొన్నేళ్లకోసారి మంటలు వచ్చేవని చూపుతున్నాయి. అవి నేలబారు మంటలు. ఎండుగడ్డిని, చిన్న పొదలను కాల్చి, పెద్ద చెట్లను వదిలి సాగిపోయేవి. రాళ్ల కింద దాగిన పాముకు వాటి వల్ల పెద్ద హాని ఉండేది కాదు.

19వ శతాబ్దం చివర పశువుల మేత పెరిగి, మంటను మోసుకుపోయే గడ్డి తగ్గింది. 20వ శతాబ్దంలో ప్రతి మంటనూ వెంటనే ఆర్పివేయడం విధానంగా మారింది. ఫలితంగా అడవి నేలపై కట్టె, పొద పేరుకుపోయాయి. అలాంటి చోట మంట అంటుకుంటే చెట్ల కొసల దాకా ఎగబాకుతుంది. 2011 జూన్‌లో హువాచూకా పర్వతాల్లో వచ్చిన మాన్యుమెంట్ ఫైర్ 30,000 ఎకరాలకు పైగా కాల్చివేసింది. నీడనిచ్చే చెట్లు, ఆకుల పరుపు రెండూ పోయాక వచ్చే వానలకు మట్టి, బూడిద లోయల్లోకి కొట్టుకువస్తాయి. నీడ, తేమ, దాపు అనే మూడూ ఒకేసారి పోతే గట్టుమూతి పాముకు నిలువ నీడ ఉండదు.

అందుకే చిన్న మంటలను ఉద్దేశపూర్వకంగా పెట్టి, కట్టెను తగ్గించే పద్ధతిని ఇప్పుడు అనుసరిస్తున్నారు. 1994లో సరిహద్దు ప్రాంత పశుపోషకులు ఏర్పాటు చేసుకున్న మాల్పాయ్ బోర్డర్‌ల్యాండ్స్ గ్రూప్ ఇందులో ముందు నిలిచింది. పెలొన్సియో పర్వతాల్లో తలపెట్టిన దహనాల వల్ల పాములకు హాని జరుగుతుందేమో అన్న ప్రశ్నపై అధికారులు, శాస్త్రవేత్తలు, పశుపోషకుల మధ్య ఏళ్ల తరబడి చర్చ సాగింది. ఏ నెలలో, ఎంత తీవ్రతతో, ఏ లోయలను మినహాయించి కాల్చాలన్నది ఆ చర్చలో ప్రధానాంశం. 2003లో బేకర్–2 పేరుతో అక్కడ వేల ఎకరాల్లో నియంత్రిత దహనం జరిపారు. కొన్ని పాములను కాపాడాలని మంటను పూర్తిగా ఆపితే, చివరకు అన్నిటినీ కాల్చే మంట రావచ్చన్న అవగాహన ఈ అనుభవం నుంచి బలపడింది.

శిఖరం తరువాత ఏమిటి

వేడి పెరిగినప్పుడు కొండజీవులు పైకి జరుగుతాయి. మంచుయుగం ముగిసినప్పుడు గట్టుమూతి పాము చేసినది అదే. కానీ కొండ ఆకారం శంకువు వంటిది. పైకి వెళ్లేకొద్దీ విస్తీర్ణం తగ్గుతుంది. హువాచూకా శ్రేణిలో అత్యున్నతమైన మిల్లర్ శిఖరం ఎత్తు 2,885 మీటర్లు. ఆబ్‌స్క్యూరస్ నివసించే పెలొన్సియో శ్రేణి అంతకంటే చాలా తక్కువ ఎత్తు గలది. అంటే అక్కడి పాముకు పైకి జరగడానికి మిగిలిన మెట్లు ఇంకా తక్కువ.

2015లో ప్లాస్ వన్ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం ఈ మూడు శ్రేణుల పాముల జన్యు సమాచారాన్ని, రాబోయే వాతావరణంపై అంచనాలను కలిపి పరిశీలించింది. పైకి వెళ్లడం తప్ప మరో దారి లేదన్న అర్థం వచ్చే శీర్షికతో అది ప్రచురితమైంది. సంతతి పరిమాణం చిన్నదని, అనువైన ఆవాసం కుంచించుకుపోతుందని ఆ అధ్యయనం హెచ్చరించింది. చిన్న సంతతిలో జన్యు వైవిధ్యం తగ్గితే వ్యాధినీ కరవునూ తట్టుకునే శక్తి తగ్గుతుంది. ఒక పెద్ద మంట, ఒక దీర్ఘ కరవు, కొందరు దొంగచాటు సేకరణదారులు; విడివిడిగా భరించగలిగినవి ఒకేసారి వస్తే భరించడం కష్టం.

మన కొండలకూ ఇదే సూత్రం

భారతదేశంలో గిలకపాములు లేవు. కానీ వాటి దాయాదులైన పిట్‌వైపర్లు ఉన్నాయి. వాటి చరిత్రలో తెలుగు నేలకు చోటుంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, ప్రకృతి పరిశోధకుడు ప్యాట్రిక్ రస్సెల్ 18వ శతాబ్దం చివర విశాఖపట్నం పరిసరాల్లో సేకరించిన పాముల వర్ణనలను 1796లో ప్రచురించాడు. స్థానికులు చెప్పిన తెలుగు పేరును ‘బొద్రూ పామ్’ అని నమోదు చేసిన ఆకుపచ్చని పాము అందులో ఉంది. దాని ఆధారంగానే 1802లో జార్జ్ షా వెదురు పిట్‌వైపర్‌కు శాస్త్రీయ నామం పెట్టాడు. తూర్పు కనుమల అడవుల్లో ఆ పాము నేటికీ ఉంది.

ఆకాశ దీవుల సూత్రం మరింత స్పష్టంగా కనిపించేది పశ్చిమ కనుమల్లో. నీలగిరి, అనైమలై, పళని కొండలపై షోలా అడవులు, గడ్డిమైదానాలు లోతైన లోయలతో వేరుపడి ఉన్నాయి. శాస్త్రవేత్తలు వీటినీ ఆకాశ దీవులనే పిలుస్తారు. గుర్రపునాడా గుర్తు గల హార్స్‌షూ పిట్‌వైపర్, పెద్ద పొలుసుల పిట్‌వైపర్ ఈ ఎత్తులకే పరిమితమైన జాతులు. గట్టుమూతి పాము సంచరించే ఎత్తుకూ, సుమారు 2,240 మీటర్ల ఎత్తులోని ఊటీకీ పోలిక ఉంది. దక్షిణ భారతంలో అత్యున్నత శిఖరమైన ఆనముడి 2,695 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అక్కడి కొండజీవులకూ అంతకు పైన చోటు లేదు.

పెద్ద జంతువులకు అభయారణ్యాలు, కారిడార్లు ఏర్పాటు చేయవచ్చు. ఒక లోయలో పుట్టి, ఆ లోయలోనే బతికి, అక్కడే చనిపోయే రెండు అడుగుల పాముకు కారిడార్ వేయలేము. దాన్ని కాపాడటమంటే ఆ లోయను, ఆ నీడను, ఆ ఆకుల పరుపును, కదలని ఆ రాళ్లను యథాతథంగా ఉంచడమే. అరిజోనా పిల్లలు రాష్ట్ర చిహ్నంగా ఎన్నుకున్న పాము ఆ రాష్ట్ర కొండలపై మిగులుతుందా లేదా అన్నది అక్కడ మంటలను ఎలా నిర్వహిస్తారు, సేకరణను ఎంత గట్టిగా అరికడతారు, భూతాపం ఏ మేరకు పెరుగుతుంది అన్న మూడు అంశాలపై ఆధారపడి ఉంది. మొదటి రెండూ స్థానికుల చేతిలో ఉన్నాయి. మూడోది ప్రపంచమంతటి చేతిలో ఉంది.